పోలిరాజు తిండి మానేశాడు

ప్రతి ఇంట్లోనూ తిండి మానేసిన జంతువొకటి ఉండి తీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను! మాకైతే ఆక్సలాటల్ ఉంది.

అదేమిటంటారా? నీళ్లలో ఉండే బల్లి అనుకోండి. మెడకు ఎర్రటి కుచ్చులు, ముఖాన చెరగని నవ్వు. మా బావమరిది సుందర్ రాజ్ పోర్టులో పనిచేస్తాడు. ఓడ దిగిన నావికుడెవరో స్నేహంకొద్దీ దీన్ని సీసాలో పెట్టి ఇచ్చాడట. నోరు తిరగక మేం పోలిరాజు అన్నాం.

గాజువాకలో మాది మూడు షిఫ్టుల ఇల్లు. నర్సయిన మా ఆవిడ ఫ్లోరెన్స్‌ది ఉదయం డ్యూటీ, సుందర్ రాజ్‌ది మధ్యాహ్నం, ఫ్యాక్టరీలో నాది రాత్రి. ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. నా పెళ్లాం ముఖం చూడాలంటే పెళ్లి ఫోటోయే గతి! అలాంటి ఇంట్లో పోలిరాజు తిండికి పెట్టిన వానపామును చూసి ముఖం తిప్పుకున్నాడు. ఎంత అదృష్టం!

పక్కింటి అసిరమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. కాలనీలో కలర్ టీవీ కొన్న ఇంటికి కూడా ఇంతమంది రాలేదండీ! ఫ్లోరెన్స్ తొట్టిలో థర్మామీటరు ముంచి, "నీల్లు ఏడెక్కిపోనాయండీ, ఐసు తెండి" అంది. చేపల రేవుకు వెళ్లి ఐసుగడ్డ గోనెసంచిలో చుట్టి బస్సెక్కాను. గాజువాకలో దిగేసరికి గోనెసంచి మిగిలింది.

పోయిన ఆదివారం ముగ్గురికీ సెలవు కలిసింది. ముగ్గురం తలో వానపాముతో తొట్టి దగ్గర ఎదురుపడ్డాం.

"ఏటి బావా, నువ్వూ పెడతన్నావా? రోజూ మద్దేన్నం పోర్టుకి ఎల్తా ఎల్తా నాను పెడతన్నాను కదా!" అన్నాడు సుందర్ రాజ్.

"ఓరి నాయనో! పొద్దున డూటీకి ఎల్లేముందు నాను పెడతన్నాన్రా!" అంది ఫ్లోరెన్స్.

సాయంత్రం పెట్టేది నేను. మొదట్లో మూడు పూటలా తిన్న పోలిరాజు, కడుపులో చోటు లేక మానేశాడు. అంతే జబ్బు! రెండు రోజులు లంఖణం పెట్టాం, లక్షణంగా తింటున్నాడు.

నిన్న పొద్దున్నే నేను రాత్రి డ్యూటీ దిగి, ఆకలితో నకనకలాడుతూ వచ్చి అన్నం గిన్నె మూత తీశాను. ఖాళీ! అక్క బావకు వేరే తీసి ఉంచిందనుకొని సుందర్ రాజ్ రాత్రే ఊడ్చి తిన్నాడు. తమ్ముడు మిగిల్చే ఉంటాడనుకొని అక్క డ్యూటీకి వెళ్లిపోయింది.

పోలిరాజుకు ఎవరూ పెట్టలేదేమోనని అందరూ పెట్టారు. నాకు ఎవరో ఒకరు పెట్టే ఉంటారని ఎవరూ పెట్టలేదు.