రైలు మామూలు చప్పుడే

మా అమ్మాయి మారెన్ పేరు చెక్కిన కంచు పలక ఏప్రిల్‌లో ఒక మంగళవారం పోయింది. రైలు క్రాసింగ్ దగ్గర, రైలు గుద్దాక ఆమె సైకిల్ దొరికిన చోట, రాతికి బిగించిన పలక అది. గేటు పెట్టమని నేను అడిగితే, ముందుగా పలక పెట్టారు. కంచుకు మంచి ధర వస్తోందని ఎవరో ఊడదీసుకుపోయారు.

మేయర్ రస్ ట్వీడెల్ గారు చలించిపోయారు. నెబ్రాస్కా రాష్ట్రం మొత్తంలో అంత త్వరగా చలించే మేయర్ మరొకరు లేరు. టౌన్ హాలు మెట్ల మీద నిలబడి, "మారెన్ స్మృతిని ఇక ఏ చెయ్యీ తాకజాలదు!" అని ప్రకటించారు. కొత్త పలక వెనక అదురును పసిగట్టే సెన్సర్, పైన సైరన్. అందరికీ చిల్లీ అనే మాంసం కూర, తీపి సిన్నమన్ రోల్స్ పెట్టారు.

"మరి గేటు?" అన్నాను.

"గేటు రైల్వేవాళ్ల పని, టీచర్ గారూ. పలక మనది. మనది మనం కాపాడుకోవద్దూ?"

సెన్సర్ అద్భుతంగా పనిచేసింది. ధాన్యం గోదాము వెనక మలుపులో రైలు కనిపించకముందే నేల అదిరేది, సైరన్ మోగేది. పోలీసు డెప్యూటీ దొంగ కోసం కారులో దూసుకొచ్చేవాడు. ప్రతిసారీ రైలే దొరికేది. బడి పిల్లలు సైకిళ్లు దిగి, అది వెళ్లేదాకా నిలబడేవారు.

స్కూలు బస్సు నడిపే వెర్నా కిటికీలోంచి కేకేసింది. "ఏమయ్యా రస్, ఇన్నేళ్లకి నువ్వు కొన్నదొకటి పనికొచ్చిందే!"

మేయర్ గారి ముఖం మాడిపోయింది. "అది తప్పుడు అలారం, వెర్నా! పక్క ఊరివాళ్లు నవ్వుతున్నారు."

"నవ్వితే నవ్వనీవయ్యా. నీ సొమ్మేం పోయింది?"

ఒమాహా నగరం నుంచి కోల్బీ అనే నిపుణుణ్ణి పిలిపించారు. నేపథ్య శబ్దం కొలవకుండా సెన్సర్ బిగించడమే పొరపాటని అతను తేల్చాడు. ఊళ్లో రోజూ ఉండే అదురెంతో వారం పాటు కొలిచి, దాన్ని పట్టించుకోవద్దని సెన్సర్‌కు చెప్పాలి. అప్పుడు మోగితే దొంగే.

"ఈ వారం అందరూ మామూలుగా ఉంటే చాలు సార్," అన్నాడు.

మేయర్ గారు వెంటనే ఉత్తర్వు జారీ చేశారు: పౌరులందరూ మామూలుగా ఉండవలెను, తప్పినవారికి జరిమానా. ఊరు హడలిపోయింది. ఓర్విల్ అనే రైతు ట్రాక్టర్ తోలుకుంటూ టౌన్ హాలుకే వచ్చాడు.

"దీని సైలెన్సర్ ఊడిపోయింది. ఇది మామూలేనా?"

"ఎప్పుడు ఊడింది?"

"మా నాయన ఉన్నప్పుడే."

"అయితే మామూలే. బాగుచేయించావో, జరిమానా!"

వారం చివర కోల్బీ క్రాసింగ్ దగ్గర నిలబడి, కాస్త ఇబ్బందిగా నా వైపు చూశాడు. "రైలును కూడా మామూలు చప్పుడు కిందే లెక్క వేసుకోనా?"

"రోజూ వచ్చేదేగా," అన్నారు మేయర్ గారు. "అంతకన్నా మామూలు ఏముంది?"

"ఆ సైరన్‌కు పిల్లలు ఆగుతున్నారు," అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "మీరేం దిగులు పడకండి. నాలుగు రోజుల్లో ఆగడం మానేస్తారు."

ఆయన మాట తప్పలేదు. తప్పుడు అలారం మళ్లీ ఒక్కటీ మోగలేదు. కౌంటీ సభలో ఆయనకు భద్రతా పురస్కారం ఇచ్చారు. నన్ను మాట్లాడమంటే ధన్యవాదాలు చెప్పాను.

పలక క్షేమంగా ఉంది. నిన్న రైలు మలుపు తిరిగి కళ్లబడేదాకా పిల్లలెవరూ సైకిల్ దిగలేదు.

క్రాసింగ్‌కు గేటు ఇంకా పెట్టలేదు.