మిరప టిక్కీల మధ్య ఆత్మకథ

మహారచయిత అనంతపద్మనాభంగారి ఆత్మకథ, వారి ఆజ్ఞ ప్రకారమే, వారు పోయిన పదేళ్లకు వెలుగు చూసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ పదేళ్లూ రాతప్రతి గుంటూరు పక్కన అల్లుడు నాగేంద్రబాబుగారి కోల్డ్ స్టోరేజీలో, మిరప బస్తాల, అదే టిక్కీల మధ్య భద్రంగా ఉంది. చెదలు దాని జోలికి రాలేదు. పాఠకులు వచ్చే ప్రమాదం ఉంది కనుక ముందుగా శుద్ధి చేయాలని ప్రచురణ కమిటీ తీర్మానించింది.

శుద్ధికి పొదిలి నుంచి రిటైర్డ్ తెలుగు లెక్చరర్ రామకాంత్ మాస్టారిని పిలిపించారు. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. ఎందుకో చెబుతాను వినండి. ఇరవై ఏళ్ల వయసులో ఆయన ఒక కథ రాసి, కాస్త చూసిపెట్టమని మహారచయిత చేతిలో పెట్టారు. కథ అచ్చయింది, మహారచయిత పేరుతో. అంతటితో ఊరుకుందా, కాలేజీ పాఠమై కూర్చుంది. పాపం మాస్టారు ముప్ఫై ఏళ్లు తన కథనే పాఠం చెప్పి, 'రచయిత హృదయాన్ని వివరించండి' అని ఐదు మార్కుల ప్రశ్న ఇచ్చి, తనే దిద్దుకున్నారు. పెద్దాయన చివరికైనా నిజం రాశారా లేదా అన్నదే ఆయన ఆరాటం.

కట్ట విప్పగానే గది ఘాటెక్కింది. కమిటీవారు మొదటి వాక్యం నుంచే కళ్లొత్తుకుని, ఎంత ఆర్ద్రత అన్నారు. ఆపైన కోతలు. బావమరిది పేకాట కుటుంబ గౌరవం దృష్ట్యా, మంత్రిగారి మీద తిట్లు విగ్రహ స్థాపన దృష్ట్యా, రెండో కాపురం మొదటి కాపురం దృష్ట్యా తొలగించారు.

రెండువందల పన్నెండో పేజీలో ఉంది: 'ఆ కథ నాది కాదు. పొదిలి కుర్రాడు రామకాంత్‌ది. దొంగిలించాను.'

మాస్టారికి ఏడుపు ఆగలేదు.

"ఘాటు పట్టింది మాస్టారూ, కళ్లు కడుక్కుని రండి," అన్నారు నాగేంద్రబాబుగారు.

"ఏం తీసేసినా సరే బాబూ, ఈ ఒక్క పేజీ ఉంచండి."

"మామగారు వినయం కొద్దీ రాసుకున్నారండీ. అంతటి మనిషి తనని తాను దొంగ అనుకుంటే, మనం నమ్మేయడమేనా?"

పేజీ కొట్టేశారు.

ఆవిష్కరణ చిలకలూరిపేటలో ఘనంగా జరిగింది. అచ్చు ప్రతులు ఎవరినీ ఏడిపించడం లేదని తేలడంతో, వాటినీ నెల్లాళ్లు టిక్కీల మధ్య మాగబెట్టి తెచ్చారు. హాలంతా కంటతడి. మాస్టారు మైకు అందుకుని, "ఆ కథ నాదండీ. నేను రాసిందండీ," అన్నారు. మూడుసార్లు అన్నారు. మూడుసార్లూ చప్పట్లు పడ్డాయి. నాలుగోసారి శాలువా కప్పారు.

ఈ ఏడు ప్రశ్నపత్రంలో కొత్త ప్రశ్న వచ్చింది: 'ఆ కథ నాది అన్న సంపాదకుని మాటల్లో కనిపించే గురుభక్తిని వివరించండి.' మాస్టారి మనవరాలు శ్రీదివ్య చక్కగా వివరించింది. ఐదుకు ఐదూ వచ్చాయి.