ఆమేన్ అందించవద్దు

సరస్సు పక్కన అద్దెకు తీసుకున్న ఇంట్లో ఆ ఉదయానికి అల్లుడు వేసిన ప్రణాళిక చాలా సులువైనది. ఎనిమిదింబావుకు ప్రార్థన, ఎనిమిదిన్నరకు పాలూ రొట్టె, తొమ్మిదింటికి పడవ. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి కనుక అతనికి నిమిషాల మీద మహా నమ్మకం. కుటుంబమంతా కలిసి సెలవుకు రావడం ఆరేళ్ళలో ఇదే మొదలు. వచ్చింది కూడా ఊరికే కాదు, మామగారు బతికి బయటపడ్డందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడానికి. దానికి పదిహేను నిమిషాలు ధారాళంగా సరిపోతాయని అల్లుడి అంచనా.

మామగారు రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్ళు ప్రకటనలు చదివిన మనిషి. చర్చిలోనూ బజారులోనూ అందరికీ ఆయన మైకుగారే. భోజనం ముందు ఆయన ప్రార్థన మొదలుపెడితే వడ్డించినవన్నీ చల్లారిపోయేవి. ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. తెరిస్తే మధ్యలో ఆపి, "ఎడమ పక్క రెండో కుర్చీలో ఉన్నవారు దయచేసి కళ్ళు మూసుకోవాలి" అని ప్రకటించేవాడు. అది ఆయనకెలా తెలిసేదో ఎవరూ అడగలేదు. ఈ ప్రార్థన కాస్త పొట్టిదయ్యేలా చూడు ప్రభువా అని ఇంటిల్లిపాదీ లోలోపల వేడుకునేవారు. నిరుడు పక్షవాతం వచ్చి ఆయన నోట మాట పడిపోయినప్పుడు, ఆ వేడుకోళ్ళు గుర్తొచ్చి ఒక్కొక్కరూ ఒక్కో మూల చేరి ఏడ్చారు.

కాళ్ళూ చేతులూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి. మాటలు మాత్రం ఒక్కొక్కటే, బతిమాలించుకుని వస్తున్నాయి. స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి ఒక్క సంగతి గట్టిగా చెప్పింది. "ఎంత ఆలస్యమైనా మాట అందించకండి. మీరు అందిస్తే ఆయన వెతుక్కోవడం మానేస్తారు." ఇంట్లో అందరూ నోరు కట్టేసుకుని కూర్చోగా కూర్చోగా చెంచా వచ్చింది, కిటికీ వచ్చింది, ఫొటో చూపిస్తే కొడుకు పేరు వచ్చింది. భార్య ఫొటో చూపించినప్పుడు మాత్రం ఆయన ఫొటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూసి ఊరుకున్నాడు.

దర్జీ కొట్టు నడిపే ఆ భార్యకు ఆ ఒక్కటీ మనసులో ముల్లై కూర్చుంది. పెళ్ళైన నలభై ఒక్క ఏళ్ళలో ఆయన ఆవిడను "ఇదిగో" అని తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. అందువల్ల తన పేరు ఆయన తలలో ఉందో, తక్కినవాటితో పాటు ఊడ్చిపెట్టుకుపోయిందో తెలుసుకునే దారి లేదు. అడగవచ్చు, కానీ లేదని తేలితే ఆ తర్వాత ఎలా బతకాలో ఆవిడకు తెలియదు. రోజూ మోకాళ్ళ మీద, "ప్రాణం దక్కించావు తండ్రీ, స్తోత్రం, ఇంకేమీ అడగను" అని మొదలుపెట్టి, చివరికి ఆ ఒక్కటే అడిగేది.

"ఇవాళ నువ్వే ప్రార్థన చెయ్యమ్మా," అంది కూతురు, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంటూ.

మైకుగారు చెయ్యెత్తాడు. "నేను," అన్నాడు.

ఏడాదిగా ఆ మాట కోసం కాచుకున్న ఇల్లు అది. అల్లుడు, కూతురు, లిఫ్టు మెకానిక్కు కొడుకు, ఆవిడ, నలుగురూ బల్ల చుట్టూ సర్దుకుని గబగబా కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా," అన్నాడు మైకుగారు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

చొక్కాకు కాలరు కుట్టేంత సేపు గడిచింది. రెండు చేతులూ ఎక్కించేంత సేపు గడిచింది. ఆవిడ చెవులు రిక్కించి ఆయన ఊపిరినే వింటోంది. ఊపిరి నిదానంగానే ఉంది.

"అత్తయ్యా, అయిపోయిందేమో," అని గుసగుసలాడాడు అల్లుడు.

"ఆమేన్ అనలేదుగా."

"నిద్రపోయారేమో."

"నాన్న నిద్రపోతే వీధి చివరికి వినిపిస్తుంది," అంది కూతురు.

"పోనీ, నేను మెల్లగా ఆమేన్ అననా?"

"అందించొద్దన్నారు బాబూ," అంది ఆవిడ, ఇక ఆ సంగతి ఎత్తవద్దన్నట్టు.

వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కాసేపటికి గ్యాస్ వాసన వచ్చింది. కొడుకు లేచాడు. లిఫ్టు గోతుల చీకట్లో చేత్తో తడిమి పనిచేసే అలవాటున్నవాడు కాబట్టి కళ్ళు తెరవకుండానే వెళ్ళి పొయ్యి కట్టేశాడు. అంతవరకు బాగానే జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు గిన్నెల దొంతర మోచేతికి తగిలి కూలింది, ఆ కంగారులో దిక్కు తప్పి, గోడ పట్టుకుని గది చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఇల్లు తుడిచే పనిమనిషి వచ్చి కిటికీలోంచి చూసింది. లోపల గ్యాస్ వాసన. బల్ల ముందు మనుషులు బిగుసుకుని కూర్చున్నారు. ఒకతను గోడలు తడుముకుంటున్నాడు.

"వాచ్‌మన్ బాబూ, గ్యాస్ పీల్చి వీళ్ళకి కళ్ళు పోయినట్టున్నాయి," అని గేటు దగ్గరున్న అతన్ని కేకేసింది.

"మేం బాగానే ఉన్నామండీ," అంది లోపలినుంచి కూతురు, కళ్ళు మూసుకునే.

"బాగానే ఉన్నామంటోంది, కళ్ళు మాత్రం తెరవట్లేదు."

"తలకెక్కితే అలాగే అంటారు," అన్నాడు వాచ్‌మన్, అనుభవమున్నవాడిలా, ఫోను తీస్తూ.

తొమ్మిదింటికి రేవులో పడవ కూత వేసి వెళ్ళిపోయింది. అల్లుడు పెద్దగా నిట్టూర్చాడు. ఇంకాసేపటికి ఫైర్ ఇంజన్ వచ్చి గుమ్మం ముందు ఆగింది. తలుపు ఊరికే దగ్గరకు వేసి ఉంది, తోస్తే వచ్చేది. వచ్చినవాళ్ళు కిటికీ అద్దం పగలగొట్టారు.

గాజు నేల మీద రాలిన చప్పుడుకు ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. కళ్ళు తెరిచేదే. కానీ ఇప్పుడు లేచి పరుగులు పెడితే ఆయన మళ్ళీ ఎన్నడూ "నేను" అనడని ఆవిడకు తెలుసు.

"ఎవరూ కళ్ళు తెరవకండి," అంది గట్టిగానే. "ఆయన దేవుడితో మాట్లాడుతున్నారు. ఇంకా అవలేదు."

లోపలికి దూసుకొచ్చిన బూట్లు టక్కున ఆగిపోయాయి. ఎవరో కొడుకును మోచెయ్యి పట్టి నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఆమేన్," అన్నాడు మైకుగారు. ఆరు ప్లాట్‌ఫారాలకూ వినిపించే పాత గొంతు.

అందరూ కళ్ళు తెరిచారు. ఎదురుగా ఐదుగురు ఫైర్‌మన్‌లు హెల్మెట్లు తీసి చేత్తో పట్టుకుని, తలలు వంచి నిలబడి ఉన్నారు. మైకుగారి కుడిచెయ్యి, ఆగండి అన్నట్టు, ఇంకా వాళ్ళ వైపు ఎత్తే ఉంది. ఆయన కళ్ళు మాత్రం మొదటినుంచీ తెరిచే ఉన్నట్టు నిమ్మళంగా ఉన్నాయి.

"నాన్నా, మీరు కళ్ళు మూసుకోలేదా?" అన్నాడు కొడుకు.

"మూసుకుంటే... పేర్లు రావు. మొహం చూస్తే... వస్తాయి." ఆయన ఆగి, తర్వాతి మాట వెతుక్కున్నాడు. ఎవరూ అందించలేదు. "ఒక్కొక్కరి మొహం చూసి... పేరు పెట్టి... దేవుడికి స్తోత్రం చెప్పా."

"ఇంతసేపా?" అన్నాడు అల్లుడు.

"నీ పేరే... రాలేదు. పడవ వెళ్ళాక వచ్చింది." తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "వీడి మొహం... వంటింట్లోకి పోయింది."

అల్లుడు చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. కూతురు నవ్వుతూ ఏడుస్తోంది. ఆవిడ మాత్రం బల్ల మీద గీత ఒకటి గోటితో గీరుతూ ఉండిపోయింది. ఆ స్తోత్రాల్లో తన పేరు ఉందో లేదో అడగడానికి నోరు రావడం లేదు.

ఫైర్ ఆఫీసరు గొంతు సవరించుకుని కాగితాలు తీశాడు. "ఏమీ అనుకోకండి, పిలుపు వచ్చాక రిపోర్టు రాయక తప్పదు. ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లు చెప్పండి."

కొడుకు చెప్పబోయాడు. మైకుగారు మళ్ళీ చెయ్యెత్తాడు. కొడుకు మొహం చూసి కొడుకు పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. కూతురి పేరు చెప్పాడు. అల్లుడి పేరు ఈసారి తడుముకోకుండా వచ్చింది. తర్వాత భార్య వైపు తిరిగి ఆగిపోయాడు.

ఆవిడ తల దించుకుంది. ఫర్వాలేదు, పేరుదేముంది, మనిషి మిగిలాడు చాలు తండ్రీ అని తనకు తాను చెప్పుకుంది. ఆఫీసరు పెన్ను కాగితం మీద కాచుకుని ఉంది. గదిలో ఒక్కరు కూడా మాట అందించలేదు.

"ఇదిగో," అన్నాడు మైకుగారు. "తలెత్తు. మొహం కనబడాలి."

ఆవిడ తలెత్తింది. ఆయన ఆవిడ పేరు పలికాడు. పుట్టింటివాళ్ళు పెట్టిన పూర్తి పేరు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, రైలు వచ్చేసిందని చెప్పేంత నిబ్బరంగా. "మొదటి స్తోత్రం... ఈవిడ కోసమే చెప్పా," అన్నాడు ఆఫీసరుతో. "సిగ్గేసి... ప్రార్థన... పైకి అనలేదు."

కన్నీళ్ళు కారిపోతున్నా ఆవిడ తుడుచుకోలేదు. స్తోత్రం, స్తోత్రం అని మాత్రం పెదవులు కదిలాయి. తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది.

"రాసుకున్నారా బాబూ?"

"రాసుకున్నానమ్మా."

"మీకు సరిగ్గా వినిపించి ఉండదు. ఇంకోసారి చెప్పించుకోండి."

ఆఫీసరుకు మొదటిసారే స్పష్టంగా వినిపించింది, అయినా రాసిన పేరు కొట్టేసి మళ్ళీ పెన్ను పట్టుకున్నాడు.