సగం నిండిన లారీ

ఆ రోజు ఉదయం స్వాగతం గారు అద్దం ముందు నిలబడి "మా ఊరికి మీ రాక మాకెంతో ఆనందం" అన్న మాటను రకరకాల నవ్వులతో చెప్పి చూసుకుంటున్నారు. పళ్లు కనిపించే నవ్వు కాస్త బెదిరించినట్టుంది. పెదవులు మూసిన నవ్వు పంటి నొప్పిలా ఉంది. రెంటికీ మధ్యన ఒకటి కుదిరేసరికి ఆయన ముచ్చట పడిపోయారు.

వెనకాల టిఫిను డబ్బా మూత బిగిస్తూ భార్య అంది. "నేను కాపురానికి వచ్చిన రోజున ఈ నవ్వు ఎక్కడ దాచారో!"

"అప్పటికి ఈ ఉద్యోగం లేదు కదే."

"అవును పాపం. కొత్తలో సినిమాకని తీసుకెళ్లి, టికెట్ల లైన్లో కూడా నన్నే నిలబెట్టారు. లోపలున్నావిడ ఎవరో పుణ్యాత్మురాలు, ఫ్యాను కింద సీట్లిచ్చింది గానీ..."

"ఆ హాలూ పోయింది, ఆ ఫ్యానూ పోయింది. నువ్వు మాత్రం ఆ గొడవ వదలవు" అంటూ ఆయన నీలం కోటు తొడుక్కుని బయటపడ్డారు.

ఆయనకు వేరే పేరు లేకపోలేదు. కానీ మునిసిపల్ ఆఫీసులోని స్వాగత విభాగానికి ఆయనే అధికారి, ఆయనే గుమాస్తా, ఆయనే బంట్రోతు. ఊరు పెరుగుతోంది. పాత సినిమా హాలు పడగొట్టి దుకాణాల భవనం లేపుతున్నారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి స్థిరపడుతున్నారు. అలా వచ్చిన వాళ్ల గుమ్మంలోకి వెళ్లి, ఊరి పటం, బస్సుల వేళలు, చెత్తబుట్ట ఉన్న సంచీ చేతిలో పెట్టి, ఏ పనికి ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పి రావడం ఆయన పని. అందుకని అందరికీ ఆయన స్వాగతం గారే అయిపోయారు.

చిక్కల్లా ఒక్కటే. ఊళ్లోకి కొత్తగా ఎవరొచ్చారో ఆయనకు చెప్పే నాథుడు లేడు. అందుకని ఆయన సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టారు. స్కూటరు మీద వీధులన్నీ తిరగడం, సామాన్ల లారీ కనిపిస్తే ఆగడం. సగం నిండిన లారీని చూస్తే అది సామాను దించుతోందో, ఎక్కించుకుంటోందో తెలియదన్న సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. ఊరికి వచ్చేవాళ్లే కాక ఊరు విడిచి వెళ్లేవాళ్లు కూడా ఉంటారని ఆ విభాగంలో ఎవరూ అనుకోలేదు.

ఆఫీసు మెట్లు ఎక్కకముందే కమిషనరు పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఇవాళ మేయరమ్మ స్వయంగా ఓ కొత్త కుటుంబాన్ని పలకరిస్తారట. పేపరువాళ్లూ వస్తున్నారు. మధ్యాహ్నానికల్లా ఓ కుటుంబాన్ని చూపించావా, నీ విభాగం ఉంటుంది. లేదూ, రేపట్నుంచి నువ్వు చెత్తబండ్ల దగ్గర ఉంటావు."

చెత్తబండ్లంటే స్వాగతం గారికి చిన్నచూపేం లేదు. కానీ జీవితంలో తలుపు తట్టిన ప్రతిచోటా జనం నవ్వుతూ తెరిచింది ఈ ఉద్యోగంలోనే. దాన్ని పోగొట్టుకోవడం ఆయన వల్ల కాదు. కొత్త ఇళ్లన్నీ గాలించారు. లారీ కాదు కదా, తోపుడుబండి కూడా తగల్లేదు. చివరికి ఎప్పుడూ తొంగిచూడని పాత వీధిలోకి తిరిగేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇంటి ముందు లారీ! అందులో సగం సామాను. మిగతా సగం రోడ్డు మీద.

గుమ్మంలో ఒక పెద్దావిడ ముక్కాలిపీట మీద కూర్చుని కూలీలకు పని పురమాయిస్తోంది. ఒక్కో వస్తువు కదలగానే ద్వారబంధం మీద వేలి కణుపుతో టకటకమని రెండుసార్లు కొట్టి "ఊఁ, తర్వాత!" అంటోంది. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టే అనిపించింది స్వాగతం గారికి. ఆలోచించే తీరిక ఎక్కడిది?

"అమ్మా, నమస్కారం! మా ఊరికి మీ రాక మాకెంతో ఆనందం!" అని సాధన చేసిన నవ్వు నవ్వారు.

ఆవిడ తెల్లబోయింది. "అది కాదు బాబూ, మేం..."

"మీరేం మాట్లాడకండి. ప్రయాణం బడలిక. కొత్త చోటు కదా, మొహమాటం కూడా ఉంటుంది."

లోపల్నుంచి ఆవిడ భర్త మోకాళ్లు పట్టుకుంటూ వచ్చాడు. "కొత్తేవిటి నాయనా, మేం..."

"బాబాయిగారూ, మీరలా కూర్చోండి. నీళ్లు తాగారా?"

"నీళ్లెక్కడివి? ఈ వీధికి నీళ్లొచ్చి ఎన్నేళ్లయిందో! చివరనున్న బోరింగు నుంచి మోసుకోవడమే."

"ఆ బెంగ మీకెందుకు? కొత్తగా వచ్చినవాళ్ల ఇంటికి అదే రోజు కొళాయి వెయ్యాలని మా రూలు. అరగంటలో నీళ్లు!"

పెద్దావిడ పీట మీంచి లేచింది. "ఈ ఇంటికా? ఈ కొళాయిలోనా?" అని మెల్లగా అడిగింది.

"మరే!"

ఆవిడ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మీరు కాసేపు ఏం మాట్లాడకండి."

అంతే, స్వాగతం గారి కాళ్లకు చక్రాలు మొలిచాయి. ఫోను మీద ఫోను చేశారు. ముందుగా ఫిట్టరు వచ్చి పైపు వంక చూసి పెదవి విరిచాడు. "ఈ వీధి సంగతి కదపకండి సార్. చౌరస్తా దగ్గర వాల్వు బిగుసుకుపోయింది, తవ్వాలి. ఇక్కడివాళ్లు అడిగీ అడిగీ ఊరుకున్నారు."

"ఇక్కడివాళ్ల సంగతి తర్వాత చూద్దాంలేవయ్యా. వీళ్లు కొత్తవాళ్లు!"

"కొత్తవాళ్లా? ముందే చెప్పొద్దూ!" అని ఫిట్టరు పలుగు తీసుకుని పరుగెత్తాడు.

తర్వాత కరెంటువాళ్లు వచ్చి ఎన్నాళ్లుగానో గుడ్డిదైన వీధిదీపానికి బల్బు వేసి పట్టపగలు వెలిగించారు. మురిక్కాలువ మీదికి మూత వచ్చింది. రోడ్డు గుంతలు పూడ్చారు, లారీ చక్రాల కింద ఉన్నవి తప్ప. మేయరమ్మ వచ్చేసరికి ఇల్లు సర్దినట్టుండాలని చెత్తబండి మనుషులు లారీలోని సామానంతా చకచకా లోపలికి చేరవేశారు. లారీ కూలీలు నోరు వెళ్లబెట్టారు.

"పొద్దున్నుంచీ ఎక్కించిందంతా దించమంటారేంటన్నా?" అని ఒకడు డ్రైవరును అడిగాడు.

"మనకెందుకురా! ఎక్కించమంటే ఎక్కిద్దాం, దించమంటే దించుదాం."

ఈ మాట స్వాగతం గారి చెవిన పడింది. ఏ ఊళ్లోనో ఎక్కించిన సంగతి కాబోలు అనుకున్నారు.

ఇంతలో ఎదురింటావిడ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. మూసిన కాలువనూ, వెలుగుతున్న దీపాన్నీ, నీలం కోటునూ మార్చి మార్చి చూసింది. పెద్దావిడ కన్ను గీటింది. అవతలామె తెలివైనది, ఇట్టే అందుకుంది. ఆ ఇంటికి నీళ్లొస్తే ఎదురింటికి రాకుండా పోతాయా?

"కొత్తగా దిగారా వదినా? మాది ఎదురిల్లే. పరిచయం చేసుకుందామని వచ్చాను" అంది గట్టిగా.

"అలాగా వదినా! చాలా సంతోషం. మీకు పిల్లలెంతమంది?" అంది పెద్దావిడ, ఆ పిల్లలకు పురుడు పోసిన మనిషి.

ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆపుకోలేక ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. ఆ నవ్వులో ఎక్కడో ఏడుపు కూడా కలిసింది గానీ, స్వాగతం గారికి అది వినపడలేదు. తొలిచూపులోనే ఎంత కలుపుగోలుతనం, మా ఊరంటే ఇదీ అని ఆయన మురిసిపోయారు.

అంతలో లోపల కొళాయి దగ్గింది. గాలి ఊదింది. ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తెల్లగా ధార కట్టింది. పెద్దాయన దోసిలి పట్టి అలాగే చూస్తూ నిలబడిపోయాడు. తాగనూ లేదు, వదలనూ లేదు.

మేయరమ్మ కారు దిగింది. కెమెరాలు వెలిగాయి. సంచీ చేతులు మారింది. మైకు పెద్దావిడ ముందుకొచ్చింది.

"ఇన్ని ఊళ్లుండగా మా ఊరినే ఎందుకు ఎంచుకున్నారమ్మా?"

"ఎంచుకోవడమేముందమ్మా, మేం పుట్టిందే ఇక్కడ."

కమిషనరు స్వాగతం గారి వంక చూసిన చూపుకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కానీ మేయరమ్మ ఎన్ని ఎన్నికలు చూసిన మనిషి!

"విన్నారా! వచ్చిన రోజే ఇక్కడ పుట్టినట్టు ఉందంటున్నారు! మన ఊరి ఆప్యాయత అలాంటిది. మరి మా వసతులెలా ఉన్నాయమ్మా?"

"ఇవాళే చూస్తున్నానమ్మా. చాలా బాగున్నాయి" అంది పెద్దావిడ. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు.

చప్పట్లు మోగాయి. కారు వెళ్లిపోయింది. కమిషనరు స్వాగతం గారి వీపు తట్టి, "విభాగం ఖాయం. నీ కింద ఇంకో ఇద్దరిని వేస్తాను" అన్నాడు. స్వాగతం గారికి భూమి మీద కాలు నిలవలేదు. ఆ ఆనందం ఎంతోసేపు లేదు. డ్రైవరు తల గోక్కుంటూ దగ్గరకొచ్చాడు.

"సార్, మీ ఫొటోలైపోతే సామాను మళ్లీ ఎక్కించుకోమంటారా? చీకటి పడేలోగా ఊరు దాటాలి."

"మళ్లీ ఎక్కించడమేంటయ్యా? వాళ్లు ఇవాళేగా వచ్చారు?"

"రావడమేంటి సార్, వెళ్తుంటే!"

స్వాగతం గారు చుట్టూ చూశారు. ఎదురింటావిడ బిందె కింద పెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. లారీని చూసీ చూడగానే అడగాల్సిన ఒక్క మాట అడగకుండా, మిగతా మాటలన్నీ తానే మాట్లాడేశానని అప్పటికి అర్థమైందాయనకు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్పబోయాను బాబూ. బడలిక అన్నావు. ఆ తర్వాత నీళ్లొస్తాయన్నావు. ఇన్నేళ్లున్న ఇంట్లో ఒక్కసారి కొళాయి తిప్పి, చూసి పోదామనిపించింది. తప్పంటావా?"

"తప్పు కాదమ్మా. నీళ్లొచ్చాయి, దీపం వచ్చింది. ఇంకెందుకు వెళ్లడం? ఉండిపోండి."

ఆ మాట ఆయన ఉద్యోగం కోసం అనలేదు. ఉద్యోగం అప్పటికే నిలబడింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "అమ్మేశాం నాయనా. సాయంత్రం కొన్నవాళ్లు దిగుతారు. నా మోకాళ్లు ఇక బిందెలు మొయ్యలేమన్నాయి. ఆవిడ పని కూడా పోయింది. మా తమ్ముడు వాళ్ల ఊళ్లో, వాడి పక్కనే రెండు గదులు చూశాడు."

"ఇల్లు అమ్మకానికి పెట్టి చాలాకాలం ఆగాం" అంది పెద్దావిడ. "ఎందుకు వెళ్తున్నారు, ఉండకూడదా అని ఎవరైనా అంటారేమోనని. కొంటామని వచ్చారు గానీ, ఆ మాట అడగడానికి ఎవరూ రాలేదు. ఇదిగో, నువ్వు అడిగావు. కాస్త ఆలస్యమైంది, అంతే."

స్వాగతం గారు కోటు విప్పి గుమ్మానికి తగిలించి, కూలీలతో పాటు తానూ ఒక చెయ్యి వేశారు. ముక్కాలిపీట మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే మోసుకెళ్లి లారీలో పెట్టారు. దించేటప్పుడు పండగలా పరుగులు తీసిన సామాను, ఎక్కించేటప్పుడు ఎంతకీ కదలనన్నట్టు బరువెక్కింది.

దంపతులు డ్రైవరు పక్కన కూర్చున్నారు. కిటికీ అద్దం సగం దిగి ఉంది. అందులోంచి ఆవిడ చెయ్యి మాత్రం బయటికి వచ్చి, తలుపు రేకు మీద టకటకమని రెండుసార్లు కొట్టింది. "ఊఁ, పోనీ!"

కొద్దిగా వంకర తిరిగిన చిటికెన వేలు. స్వాగతం గారికి గుర్తొచ్చింది. సినిమా హాలు గోడలో చెయ్యి పట్టేంత కన్నం. అందులోంచి వచ్చే ఆ వేలు. టికెట్టు చింపి చేతిలో పెట్టి, చెక్క మీద రెండు దెబ్బలు. ఊరు ఊరంతా ముప్ఫై ఏళ్లు ఆ చేతి ముందు వరసలో నిలబడింది. మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు.

"మీరు... టికెట్ల దగ్గర..." అంటూ లారీ వెంట రెండడుగులు వేశారు.

ఆవిడ తల బయటపెట్టి నవ్వింది. "మీకు నా చెయ్యే కనిపించేది బాబూ. లోపల్నుంచి నాకు అందరి మొహాలూ కనిపించేవి. పొద్దున్న నిన్ను చూడగానే పోల్చుకున్నాను. నీ పెళ్లాం కులాసానా? ఆ పిల్లని ఎండలో లైన్లో నిలబెట్టి నువ్వు నీడ చూసుకున్నావు. ఫ్యాను కింద సీట్లిచ్చింది ఆ పిల్ల మొహం చూసి, నిన్ను చూసి కాదు!"

ఏదో ఒక మంచి మాట చెప్పి పంపాలని ఆయన తహతహలాడారు. వచ్చేవాళ్లకు చెప్పే మాటలు తప్ప వెళ్లేవాళ్లకు చెప్పేవి ఆయన దగ్గర లేవు. నోటిదాకా వచ్చింది కూడా "మా ఊరికి మీ రాక" అన్నదే. దాన్ని మింగేసి చెయ్యి ఊపారు. లారీ మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు. ఇంటికెళ్లి భార్యకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని కూడా బాధేసింది.

సాయంత్రానికి ఇంకో లారీ వచ్చింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న స్వాగతం గారు అలవాటుగా లేవబోయి, సంచీ లేదని గుర్తొచ్చి, నవ్వూ మిగల్లేదని తెలిసి, కూర్చుండిపోయారు. కొత్త ఇంటాయన దిగి గుంతలు పూడ్చిన రోడ్డు చూశాడు. మూసిన కాలువ చూశాడు. తల పైన వెలుగుతున్న దీపం చూశాడు. లోపలికి వెళ్లి కొళాయి తిప్పాడు. ధారగా నీళ్లు పడుతున్న చప్పుడు వీధిలోకి వినిపించింది.

"చూశావుటే?" అన్నాడు భార్యతో. "ఇన్ని సుఖాలున్న ఇల్లు వదిలేసి పోయారంటే, ఆ పాతవాళ్లకి ఒళ్లు కొవ్వు కాకపోతే ఏమిటి!"