చుక్కి బర్రె, ఐదు సెల్లుల బ్యాటరీ

ఆ పొద్దు ఆత్మారాం నిజామాబాద్ ప్రయాణం కట్టింది ఒకే ఒక్క పనికి. బర్రెకు ఇనుప గొలుసు తేవాలి. రెంజల్ పక్క పల్లెలో చెరుకు పండించే రైతు అతను. ఆ ఇంటి బర్రెకు నొసట తెల్లటి మచ్చ ఉండటంతో చుక్కి అని పేరు పెట్టారు. తాడు ఎంత లావుగా పేని కట్టినా రెండు రోజుల్లో నమిలి తెంపేస్తుంది. పైగా నేడో రేపో ఈనేలా ఉంది.

"గొలుసు యాది మరువకు," అంది భార్య గోదావరి. "గిప్పుడు తెంపుకొని చెర్కుల పడ్డదనుకో, ఆన్నే ఈనుతది. తోడేండ్లు దూడను బతకనిస్తయా? రెండేండ్ల సంది గీ ఈత కోసమే సూస్తున్న."

"గొలుసే కద! నాకు యాదికుంటది తీయి," అని ఆత్మారాం రుమాలు చుట్టుకుని బండెక్కాడు.

నిజామాబాద్‌లో ఇనుప సామాన్ల గల్లీకి తిరిగే మూల మీద ఒక దుకాణం ఉంది. ఆ దుకాణందారు పట్టపగలే చీకటిగా ఉన్న వెనక గదిలోకి ఒక టార్చి వేసి చూపిస్తున్నాడు. మోచేయంత పొడుగు, లోపల ఐదు సెల్లులు. మీట నొక్కగానే అటక మీది బల్లి కూడా పట్టుబడ్డ దొంగలా బిక్కమొహం వేసింది. ఆత్మారాం అక్కడే ఆగిపోయాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలై, చెరుకు రైతు కాస్త తలెత్తుకు తిరుగుతున్న కాలం అది. తలెత్తుకుని తిరిగేవాడికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! తీరా బోధన్‌లో మోటారు దిగి ఎడ్లబండి ఎక్కాక గొలుసు గుర్తుకొచ్చింది. గొలుసుంటే బర్రె పోదు, నిజమే. ఈ లైటుంటే పోయిన బర్రె కూడా దొరుకుతుంది. ఆ లెక్కన లైటే మేలని అతను తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. గోదావరి ఒక చేత్తో కందిలి, ఇంకో చేత్తో తవుడు గంప పట్టుకుని కొట్టం వైపు పోతోంది. రోజూ ఆ వేళకు ఆమె కందిలి వెలుగు కనబడితే చాలు, చుక్కి ఎంత బద్ధకంగా పడుకున్నా లేచి నిలబడుతుంది. దాని లెక్కలో వెలుగు వచ్చిందంటే తవుడు వచ్చినట్టే.

"గొలుసేది?" అంది గోదావరి.

ఆత్మారాం జవాబుగా మీట నొక్కాడు. పక్కింటి కాశయ్య పెంకులు పట్టపగల్లా వెలిగాయి. అక్కడి నుంచి వెలుగు చింతచెట్టు చిటారుకు ఎక్కి, కొంగలను లేపి, దూరాన చెరుకు అంచు దాకా పోయింది. గోదావరి గంప కింద పెట్టేసింది. వాడంతా వాకిట్లో చేరింది.

"పటేల్ ఇంట్ల గ్యాసు లైటు గూడ గింత దూరం కొట్టది," అన్నాడు కాశయ్య.

"రెంజల్ల గూడ లేదు గిసొంటి బ్యాటరీ," అన్నాడు ఆత్మారాం, ఎవరూ అడగకుండానే. గొలుసు సంగతి అడగాల్సిన గోదావరి కూడా ఆడవాళ్ల మధ్య మెడ నిటారుగా పెట్టుకుని నిలబడింది. అందరూ వెళ్లాక తవుడు గంప ఎత్తుకుని కొట్టంలోకి పోతే, అక్కడ గుంజకు నమిలిన తాడు ముక్క వేలాడుతోంది.

గోదావరికి ఏడుపు ఒక్కటే తక్కువ. "గొలుసు తెమ్మంటె లైటు తెచ్చినవు! బర్రె దొరకకపోతె నీ బ్యాటరీని నా చేతులతోని బాయిల పడేస్త!"

"పడేద్దువు తీయి. గీ లైటు ముందల బర్రె యాడ దాస్కుంటది?" అని ఆత్మారాం తన స్నేహితుడు లింబయ్యను వెంటేసుకుని చెరుకుతోటల దారి పట్టాడు. పైకి ధీమాగానే ఉన్నాడు గాని, రెండేళ్లుగా ఆ ఈత కోసం ఎదురుచూస్తున్న భార్య మొహం గుర్తొస్తే అతని అడుగులు వాటంతటవే వడివడిగా పడుతున్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కందిలి వెలుగు కాళ్ల ముందున్న రాయిని చూపిస్తుంది, అంతే. దూరాన చీకట్లో నిలబడ్డ పశువు కళ్ల మీద గట్టి వెలుగు పడితే అవి ఎలా మెరుస్తాయో ఆ ఊళ్లో అప్పటిదాకా ఎవరూ చూసి ఎరగరు. మొట్టమొదట చూసిన ఘనత ఆత్మారాందే. చెరుకు సందులో రెండు పచ్చటి కళ్లు భగ్గుమన్నాయి.

"అన్నా, ఏందది?" అన్నాడు లింబయ్య, ఆత్మారాం వెనక్కి జరిగి.

"నొసట్ల ఏదో తెల్లటి మచ్చ గూడ ఉన్నది."

"మచ్చలు చిర్తకే కద అన్నా ఉండేది!"

అంతే, ఇద్దరూ లగెత్తారు. కొంత దూరం పోయి ఆత్మారాం వెనక్కి లైటు వేశాడు. కళ్లు వెంట వస్తున్నాయి. ఇంకాస్త ఉరికి మళ్లీ వేశాడు. మరింత దగ్గరికొచ్చాయి.

"లైటు బంజెయ్యే!" అన్నాడు లింబయ్య.

"బంజేస్తె అది ఏడున్నదో ఎట్ల తెలుస్తది?" అంటూ ఆత్మారాం వెలిగించుకుంటూనే పరుగెత్తాడు.

దారిలో కాశయ్య చేను అడ్డమొచ్చింది. ఎరువు కోసం కాశయ్య ఆ రాత్రి అక్కడ కొమురయ్య గొర్లమందను పెట్టించాడు. ఆ మాట ఇద్దరికీ తెలిసిందే, కానీ ఆ క్షణాన గుర్తు రాలేదు. ఆత్మారాం ముందుకు లైటు వేశాడు. చేను నిండా కళ్లు!

"చిర్తల మంద!" అని లింబయ్య కేక పెట్టాడు.

ఆ కేకకు గొంగడిలోంచి కొమురయ్య లేచి కూర్చున్నాడు. టార్చి వెలుగు సూటిగా అతని మొహానే కొట్టింది. వెలుగు వెనక మనిషి కనబడలేదు. "కొరివిదెయ్యం!" అని అరిచి అతనూ ఊరి వైపు పరుగందుకున్నాడు. కాపరి ఉరికితే మంద ఆగుతుందా? మొత్తం అతని వెనకే కదిలింది.

ఊళ్లోకి కేకలు ముందొచ్చాయి. చిరుతలన్నవాళ్లు కొందరు, దెయ్యమన్నవాళ్లు కొందరు, ఏదైనా సరే తలుపు వేయడమే మంచిదనుకున్నవాళ్లు అందరూ. ఆత్మారాం, లింబయ్య ఇద్దరూ ఆత్మారాం ఇంట్లోనే దూరారు. గోదావరి మాత్రం తవుడు గంప పక్కన పెట్టుకుని, బర్రె కోసం కళ్లు కాయలు కాసేలా వాకిట్లోనే నిలబడి ఉంది.

"లోపటికి రా! నూరు చిర్తలు వస్తున్నయి!" అని ఆత్మారాం లోపలి నుంచి అరిచాడు.

"నూరు చిర్తలు మే మే అంటున్నయా?" అంది గోదావరి. అప్పటికే వాకిలంతా గొర్లతో నిండిపోయింది. గొర్ల మధ్య నుంచి వచ్చిన కొమురయ్య ఆత్మారాం చేతిలోని టార్చి చూసి, "నువ్వా అన్నా కొరివిదెయ్యం!" అని తల పట్టుకున్నాడు.

అందరూ తలుపులు తీసి నవ్వడం మొదలెట్టారో లేదో, గుమ్మంలోంచి ఆత్మారాం వేస్తున్న వెలుగుకు వీధి చివర ఆ రెండు కళ్లు మెరిశాయి. గొర్ల కళ్ల కంటే ఎత్తున, నింపాదిగా వస్తున్నాయి. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు ఆత్మారాం బయటికొచ్చి భార్యకు అడ్డంగా నిలబడ్డాడు. టార్చి దించలేదు, పక్కకు జరగలేదు. ఆ కళ్లు తిన్నగా వచ్చి, గొర్లను తోసి, అతన్ని కూడా ఓ పక్కకు నెట్టి, తవుడు గంపలో మూతి పెట్టాయి.

చుక్కి! మెడకు తెగిన తాడు, నొసట మచ్చ. తవుడు వేళ మించిపోయి ఆకలితో తిరుగుతున్న దానికి, ఎక్కడ చూసినా వెలుగే కనబడింది. ఆత్మారాం ఉరికిన కొద్దీ అది తవుడు కోసం వెంబడించింది.

ఊరు విరగబడి నవ్వింది. కాశయ్య ఒక్కడే నవ్వలేదు. "నా చేన్ల పడాల్సిన ఎరువంత నీ వాకిట్ల పడుతున్నదిరా!" అన్నాడు. గోదావరి చెయ్యి చాపింది. ఆత్మారాం తల వంచుకుని టార్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె బావి వైపు పోలేదు. టార్చి వెలిగించి బర్రె కడుపు, కాళ్లు, పొదుగు అంతా తడిమి చూసింది. ఎక్కడా గీత కూడా పడలేదు. అప్పుడు అందరి వైపు తిరిగింది.

"ఏంది నవ్వుతున్నరు? పోయిన బర్రె దానంతటదే నడిసి ఇంటికొచ్చింది. ఎవ్వరింట్లనన్న ఉన్నదా గిసొంటి బ్యాటరీ?"

ఎవరింట్లోనూ లేదు. కాబట్టి టార్చిని ఇంకోసారి చూడటానికి ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఆత్మారాం ఛాతీ మెల్లగా యథాస్థానానికి వచ్చింది.

తెల్లారకముందే చుక్కి ఈనింది. నొసట మచ్చతో సహా తల్లిని పోలిన పెయ్యదూడ. చూడవచ్చిన ప్రతివాళ్లకూ గోదావరి టార్చి వేసి దూడ చెవులు, తోక, గిట్టలు విడివిడిగా చూపించింది. తెల్లవారేసరికి టార్చి ఎర్రబడి, మిణుకుమని, ఆరిపోయింది. అప్పటికి ఆత్మారాం ఇంట్లో లేడు. ఈసారైనా మాట దక్కించుకోవాలని కోడి కూయగానే బయలుదేరి, "గొలుసు, గొలుసు" అనుకుంటూ నిజామాబాద్ దారి పట్టాడు.

ఆ సాయంత్రం బండి దిగుతూనే గొలుసును అందరికీ వినబడేలా గలగలలాడించాడు. "సూడు, మరువలే!"

గోదావరి చుట్టూ పక్క ఊరి నుంచి దూడను చూడవచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమె గొలుసు వైపు చూడనైనా లేదు.

"గొలుసు సరే," అంది. "సెల్లులేవి?"

గొలుసు నిజంగా గట్టిదే. ఆ రాత్రి దానితో చుక్కిని కట్టేయడానికి ఆత్మారాం కందిలి పట్టుకోవలసి వచ్చింది.