స్టాక్‌హోమ్‌కు మూడు కిలోమీటర్లు దగ్గర

రవాణా మంత్రి హెడ్‌స్ట్రోమ్ గారు యార్న్‌బెర్య చర్చి ముందు నిలబడి, గొంతు సవరించుకొని, స్వీడన్‌లో ఏ మంత్రీ ఇంతవరకూ చెప్పలేకపోయిన మాట చెప్పారు.

"మా ప్రభుత్వం మీ ఊరిని స్టాక్‌హోమ్‌కు మూడు కిలోమీటర్లు దగ్గర చేసింది!"

జనం చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి? కాఫీ, కేకు ఉచితం.

చర్చిలో గంట మోగించే గున్‌హిల్డ్ కూడా కొట్టింది. మంత్రిగారి మాటలో అబద్ధం లేదు. ఇనుప గని ఊరికింది నేలను గుల్ల చేసేసింది. అందుకని ఊరిని దక్షిణానికి జరుపుతున్నారు. చర్చిని అమాంతం ఎత్తి, చక్రాల బండ్లమీద తెచ్చి, కొత్తచోట దించారు. సర్కారు లెక్కలో ఊరంటే చర్చి శిఖరం. రాజధానికి విమాన దూరం తొమ్మిదివందల రెండు కిలోమీటర్ల నుంచి ఎనిమిదివందల తొంభై తొమ్మిదికి దిగింది.

"తొమ్మిదివందలు దాటిన ఊళ్లకే సర్కారు విమానం," అన్నారు మంత్రిగారు ప్రేమగా. "ఈ క్షణం నుంచి మీకా విమానమెక్కే అవస్థ తప్పింది!"

గున్‌హిల్డ్ చేతిలో కేకు ఆగిపోయింది. వచ్చే గురువారం స్టాక్‌హోమ్‌లో ఆమె భర్త ఇవార్‌కు కంటి ఆపరేషన్. ఆ రోజు తప్పితే చూపు దక్కదన్నాడు డాక్టరు. రైలు కుదుపులకు ఆ కన్ను తట్టుకోదనీ అన్నాడు.

"మంత్రిగారూ, విమానాశ్రయం జరగలేదండీ. ఉన్నచోటే ఉంది."

"ఊరికి గుండెకాయ చర్చే కదమ్మా?"

"గుండెకాయే. కానీ విమానం దానిమీద దిగదు కదండీ."

మంత్రిగారి కార్యదర్శి వెండెలా కల్పించుకుంది. "దేవుడి ఇంటినుంచి కొలిస్తే వద్దంటారా?"

దేవుణ్ణి వద్దనే అలవాటు గున్‌హిల్డ్‌కు లేదు. "ఆయన జరుగుతానని అడిగాడా తల్లీ? గనివాళ్లు జరిపారు," అంది నెమ్మదిగా.

"పోనీ, చర్చిని మళ్లీ వెనక్కి తోసేద్దామా?" అన్నాడు ఇవార్.

"దరఖాస్తు పెట్టుకోండి. సానుభూతితో పరిశీలిస్తాం," అన్నారు మంత్రిగారు.

ఇంకోసారి బతిమాలుదామని మొగుడూ పెళ్లాలిద్దరూ సాయంత్రం విమానాశ్రయానికి వెళ్లారు. అక్కడ మంత్రిగారు పెట్టెమీద కూర్చుని ఉన్నారు, పక్కన వెండెలా తప్ప ఎవరూ లేరు. విమానం రద్దు. ఉత్తర్వు ఈ క్షణం నుంచే అమలు మరి!

"రైలుందండీ," అంది గున్‌హిల్డ్ ఆదరంగా. "రేపు పొద్దున్నకి దిగుతారు. ఇప్పుడు దగ్గరే కదా."

"రాత్రికి ప్రధాని ఇంట్లో విందు!" అన్నారు మంత్రిగారు.

ఒక్క నిమిషం ఆలోచించారు. గొప్పవాళ్లకు అంతకన్నా పట్టదు. వెండెలా అక్కడికక్కడే సవరణ రాసింది: ఇకమీదట ఊరి కేంద్రం చర్చి కాదు, మంత్రిగారు నిలబడే చోటు. విమానాశ్రయం ఊరికి ఉత్తరాన ఉంది. కొలిస్తే తొమ్మిదివందల అయిదు వచ్చింది. యార్న్‌బెర్య మళ్లీ దూరమైపోయింది. విమానం వచ్చింది.

"ఈ సవరణ ఉంటుందాండీ?"

"శాశ్వతం!" అంటూ సంతకం చేసి మంత్రిగారు విమానమెక్కారు.

గున్‌హిల్డ్ దేవుడికి మొక్కుకుంది. ఆ తర్వాత మంత్రిగారికీ ఓ చిన్న నమస్కారం పెట్టుకుంది.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చునేసరికి మంత్రిగారు స్టాక్‌హోమ్‌లో కాలు మోపారు. రేడియో ఆ వార్త చెప్పి, వెంటనే ఇంకోటి చెప్పింది. తాజా అధికారిక కొలత ప్రకారం, యార్న్‌బెర్యకూ స్టాక్‌హోమ్‌కూ మధ్య విమాన దూరం సున్నా. దూరాన్ని సమూలంగా నిర్మూలించిన తొలి ప్రభుత్వం ఇదే. కనుక విమానం అవసరం ఇక లేదు.

ఇవార్ లేచి బూట్లు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"స్టాక్‌హోమ్‌కి. ఆసుపత్రి గుమ్మం ఎటుందో ఇప్పుడే చూసొస్తాను. గురువారం వెతుక్కోవడమెందుకు?"

"కోటు వేసుకెళ్లు," అంది గున్‌హిల్డ్. "రాజధానిలో మంచు పడుతోంది."