ఇన్ఫేమస్ అల్లం కేకు

ఆ సోమవారం ఉదయం హెస్టర్ థాక్రే పెట్టుకున్న పని ఒక్కటే. శనివారం చర్చి హాలు దగ్గర మంటల పండగ సంత. అందులో తన అల్లం కేకు బల్ల ముందు పెట్టడానికి భర్త చేత ఒక బోర్డు రాయించాలి. కేకు ముందురోజే కాల్చి డబ్బాల్లో పెట్టేసింది. యార్క్‌షైర్‌లో ఈ కేకుని వేడివేడిగా తినరు. ఓట్స్ పిండి, నల్లబెల్లపు పాకం, అల్లం ఒకదానికొకటి అలవాటుపడి మెత్తబడేదాకా మూత తియ్యకూడదు.

బోర్డుకి కారణం ఉంది. హాలు గుమ్మం పక్కనుండే మొదటి బల్ల చాలా ఏళ్లుగా హెస్టర్‌ది. ఈ మధ్య సగం కేకు ఇంటికి తిరిగొస్తోంది. ఈసారి కూడా మిగిలితే ఆ చోటు కాఫీ బండికి ఇచ్చేస్తామని సంత కమిటీ పెద్ద లవీనియా ఓల్‌రాయిడ్ మర్యాదగానే చెప్పింది. కాఫీ బండి ఆమె మేనకోడలిది.

"ఫేమస్ అని రాయనా?" అన్నాడు క్లిఫర్డ్ కుంచె పట్టుకుని.

"ఫేమస్ కానిదేముంది ఈ ఊళ్లో? చేపల కొట్టు ఫేమస్. పబ్బులో మాంసం 'పై' ఫేమస్. ఆఖరికి మంగలి షాపు కూడా ఫేమసే."

"పోనీ, రినౌండ్?"

"ప్రొఫెసర్లు పోయినప్పుడు పేపర్లో వేస్తారు ఆ మాట."

"సెలబ్రేటెడ్?"

"కేకుకి సన్మానం చేసినట్టుంటుంది. ఎమినెంట్ అనబోతున్నావేమో, అది గుండె డాక్టర్లకి. నా కేకు గొప్పదని తెలియాలి, నేను గొప్పలు పోతున్నానని అనిపించకూడదు."

క్లిఫర్డ్ రోజూ ఉదయం పేపర్లో పదాల గళ్లు నింపుతాడు. సగం నింపి, మిగిలిన సగం పేపరువాళ్ల తప్పంటాడు. ఆ ఇంట్లో మాటల మీద అధికారం అతనిదే.

"ఇన్ఫేమస్," అన్నాడు చివరికి. "చూడు, విలువైనది వాల్యుబుల్. వెలకట్టలేనంత విలువైతే? ఇన్‌వాల్యుబుల్. అంటే 'ఇన్' తగిలిస్తే మాట ఒక మెట్టు పైకెక్కుతుంది. ఫేమస్‌కి పై మెట్టు ఇన్ఫేమస్."

హెస్టర్ ఆ మాటని నోట్లో తిప్పి చూసింది. బరువుగా ఉంది. ఎక్కడో విన్నట్టూ ఉంది. "ఒక్కసారి డిక్షనరీ చూస్తే పోలా?"

"పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న భాషకి డిక్షనరీ ఏంటి హెస్టర్? అది పరాయివాళ్ల కోసం."

అలా, చెడ్డపేరు మోసిన హంతకులకీ మోసగాళ్లకీ వాడే మాట, నీలం బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో, 'హెస్టర్ గారి ఇన్ఫేమస్ అల్లం కేకు' అని, సంత దాకా ఊరందరికీ కనబడేలా ఆ ఇంటి గేటుకెక్కింది.

మొదట చూసింది పక్కింటి డొరీన్. కుక్కని తిప్పడానికి వచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. తప్పుని తప్పని మొహం మీద చెప్పడం ఆ ఊళ్లో తప్పుకన్నా పెద్ద తప్పు. అందుకని, "చాలా ధైర్యం నీది హెస్టర్," అంది.

"ధైర్యమేముంది? ఉన్న సంగతే రాశాం. ఇన్నాళ్లూ మొహమాటపడి దాచుకున్నా."

"అయితే నీకు ముందునుంచీ తెలుసా?"

"తెలీకేం? ఊరంతా తెలుసు. నా ముందు అనేవాళ్లు కాదు, అంతే."

డొరీన్ కుక్కని దగ్గరికి లాక్కుంది. "మరి క్లిఫర్డ్?"

"రోజూ తింటాడు. అలవాటైపోయింది."

"పాపం."

"మా మామగారైతే పోయే రోజు కూడా అడిగి మరీ రెండు ముక్కలు తిన్నారు."

డొరీన్ గేటు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. వాతావరణం చల్లబడిందని చెప్పి వెళ్లిపోయింది. మర్నాటికి ఊళ్లో పెద్ద థాక్రే గారి చావు మీద కొత్త చర్చ మొదలైంది. ఆయన పోయినప్పుడు తొంభైకి దగ్గరపడ్డాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కిందటేడు సంత తరవాత తనకి కడుపు నొప్పి వచ్చిందని ఒకరికి గుర్తొచ్చింది. ఎవరో బోర్డుకి ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. లవీనియా మాత్రం, ఎవరి మీదా నింద వెయ్యడం తనకి ఇష్టం లేదంటూనే, జిల్లా ఆహార శాఖకి ఫోన్ చేసింది.

ఇవేవీ హెస్టర్‌కి తెలియవు. దారిన పోయేవాళ్లంతా బోర్డు ముందు ఆగుతున్నారు, ఆమెని చూసి మెల్లగా తలూపుతున్నారు. మాట పనిచేస్తోందనుకుంది. శుక్రవారం క్లిఫర్డ్ బోర్డు తీసుకెళ్లి హాలు గుమ్మం పక్క బల్లకి కొట్టి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమే ఆహార శాఖ ఇన్‌స్పెక్టర్ ప్రెంటిస్ తలుపు తట్టాడు. వంటింటి గట్టు, గరిటెలు, డబ్బా మూతలు అన్నీ చూశాడు. ఎక్కడా మచ్చ లేదు.

"మేడమ్, ఇప్పటిదాకా ఎంతమందికి ఇబ్బందైంది?"

"ఎవరికీ కాలేదే. తిన్నవాళ్లంతా బావుందనే అంటారు."

"మరి ఇన్ఫేమస్ అని మీరే రాశారుగా? చెడ్డపేరు మోసిన కేకని?"

హెస్టర్ కుర్చీలో కూర్చుండిపోయింది. ఎదురుగా ఉన్న క్లిఫర్డ్ వైపు చూసింది.

"ఇన్‌వాల్యుబుల్ మాటేంటి మరి?" అన్నాడు క్లిఫర్డ్, మాట కోసం కాక ప్రాణం కోసం వాదిస్తున్నట్టు.

ప్రెంటిస్ పెన్ను కింద పెట్టాడు. ఇది ఆయనెప్పుడూ ఆలోచించని సంగతి. "నిజమేనండోయ్. మా గోదాం తలుపు మీద ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటుంది. మండదని కాదు, మండుతుందనే. మరి ఫేమస్‌కి ఏమొచ్చింది?" పరీక్ష కోసమని ఒక ముక్క తిన్నాడు. ఆలోచన తెగక ఇంకో ముక్క తిన్నాడు. వంటిల్లు శుభ్రం, కేకు క్షేమం అని రాసిచ్చి, తల గోక్కుంటూ వెళ్లాడు.

"వారమంతా నా చెడ్డపేరు నేనే గేటుకి వేలాడదీసుకున్నానన్నమాట," అంది హెస్టర్. "రేపు ఎవడు కొంటాడు? నువ్వు గళ్లు నింపుకో క్లిఫ్, నాతో మాట్లాడకు."

శనివారం బోర్డు మీద రంగు చెరపడానికి టర్పెంటాయిలూ ఓ గుడ్డముక్కా సంచిలో వేసుకుని ఆమె అందరికంటే ముందే హాలుకి బయల్దేరింది. కానీ ఆమెకన్నా ముందే జనం వచ్చేశారు. తన బల్ల దగ్గర అప్పటికే వరస ఉంది. అందరూ కొత్త మొహాలు, పట్నం కుర్రకారు.

"ఫొటోలో ఉన్న కేకు ఇదేనా ఆంటీ?"

"ఇదే గానీ నాయనా, ఆ మాట పొరపాటు. చెడ్డదేం కాదు."

"అలా అనకండి. ఫేమస్ కేకులు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఇది తిని బతికామంటే పది మందికి చెప్పుకోవచ్చు."

ముందున్నవాడు పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. వరసంతా వాడినే చూస్తోంది. వారం నానిన పాకం పళ్లకి బంకలా పట్టుకుంటుంది. వాడి దవడ ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. దూరంగా డొరీన్ టోపీ తీసి గుండెకి హత్తుకుంది. వాడు గుటక వేసి, "ఇంకోటివ్వండి," అన్నాడు.

మంట వెలిగించే వేళకి డబ్బాల్లో పొడి కూడా లేదు. లవీనియా వచ్చేసరికి హెస్టర్ బోర్డు మీద 'ఇన్' అన్న అక్షరాలు చెరపడానికి గుడ్డ తడుపుతోంది.

లవీనియా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "చూడండి హెస్టర్, ఆ బల్ల ఇక మీకే. ఎవరూ కాదనరు. కానీ ఆ మాట తీసేస్తే మాత్రం కమిటీ మళ్లీ ఆలోచించాల్సొస్తుంది."

"నా పేరు చెడుతోందండీ."

"చెడితే చెడింది. మీ వరసలో నిలబడ్డవాళ్ల వల్లే మా మేనకోడలి కాఫీ కూడా అమ్ముడైంది."

హెస్టర్ గుడ్డ పిండి సంచిలో వేసుకుంది.

మరుసటి ఏడు సంతలో పబ్బువాళ్ల మాంసం 'పై' నొటోరియస్ అయింది. చర్చి ఆడవాళ్ల బిస్కెట్లు స్కాండలస్ అయ్యాయి. లవీనియా మేనకోడలు బాగా ఆలోచించి తన కాఫీకి క్రిమినల్ అని పేరు పెట్టింది. మంచి పేరున్న తినుబండారం ఆ ఊళ్లో ఒక్కటీ మిగల్లేదు.